సంసారిని చంపకుడు, రక్షింపకుడు

కవిత్వమును చలనచిత్రముగా మార్చువారు మనలో రెండు దోషములకు అలవాటు పడియున్నారు. కవి చెప్పక విడిచినదానిని తాము చెప్పుట మొదటిది. కవి చెప్పినదానిని నమ్మక, దానికి కన్నీటినో కర్పూరహారతినో జోడించుట రెండవది. ఈ రెండింటిని ప్రేక్షకునిపై దయచేతనే చేయుచున్నామని వారందురు. నా కిది దయగా తోచదు. ప్రేక్షకుడు తెలివి లేనివాడను అపనమ్మకమే దయ వేషము వేసికొని వచ్చుచున్నదని నా యభిప్రాయము. దీనిని గట్టిగా చెప్పవలసిన యవసరము నాకు ఇటీవల కలిగినది. చదువరులు కొంచె మోపికతో వినవలెనని ప్రార్థన.

నేను చిత్తూరు సీమలో ఒక ఉన్నత పాఠశాలయందు ఉపాధ్యాయుడను. 2025 మామిడికాయల కాలమున మా విద్యార్థులు అయిదుగురు, ఒక సెల్‌ఫోను సాయముతో, శ్రీశ్రీ ‘సంధ్యాసమస్యలు’ అను గేయమును తొమ్మిది నిమిషముల లఘుచిత్రముగా తీసిరి. దానిని ఒక పోటీకి పంపిరి. బహుమానము రాలేదు. అందుకు నాకు విచారము లేదు. పిల్లల పనిలో లోపములు పెక్కు గలవు. కాని తీర్పరులుగా కూర్చున్న పెద్దలు పిల్లలకు చెప్పిన హితవులు మాత్రము నన్ను నిద్రపోనీయలేదు. ఒక పెద్ద మనిషి, కడపట సంసారి చనిపోవలె ననెను. మరియొకరు, వాడు రక్షింపబడవలె ననిరి. మూడవవారు, చిత్రమంతట గేయమును మంచి కంఠముతో చదివించి యుండవలసిన దనిరి. ఈ మూడు హితవులును పరస్పర విరుద్ధములుగా కనబడును. వాని మూల మొక్కటే యని చూపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ముందుగా గేయమును గూర్చి. ‘మహాప్రస్థానము’ గ్రంథరూపమున 1950లో వెలువడినది. అందలి గేయములు అంతకు పూర్వము రెండు దశాబ్దుల కాలములో వ్రాయబడినవి. ఆ సంపుటములో గర్జించు గేయములను సభలలో వల్లించువారు వేలకొలది యున్నారు. ‘సంధ్యాసమస్యలు’ గర్జించదు. అది మదరాసు నగరపు సాయంకాలమును మూడు చిన్న ఖండికలలో చూపును. మొదటి ఖండికలో ఒక విద్యార్థి. ఒక సినిమాశాలలో విదేశపు నటి చిత్రము, మరియొక సినిమాశాలలో మన కాంచనమాల చిత్రము. ఎటు పోవలెనో వానికి తోచదు. రెండవ ఖండికలో ఒక ఉద్యోగి. ఫలహారశాలలో కూర్చుండి, మిఠాయి తినవలెనో వేరొక టిఫిను తినవలెనో తేల్చుకొనలేడు. మూడవ ఖండికలో ఒక సంసారి. ఒక వైపు అప్పులవారు, ఒక వైపు బిడ్డల ఆకలి. వాని ముందున్నవి కూడ రెండు మార్గములే. అవి రెండును చావునకు పోవు మార్గములు. అంతటితో గేయము ముగియును.

ఈ గేయపు బలమంతయు దాని కొలతలో నున్నది. మూడు ఖండికలకు ఒకే మూస. విద్యార్థి తికమకకు ఏ పేరో, సంసారి ప్రాణసంకటమునకు నదే పేరు: సమస్య. కవి మూడవ ఖండికలో గొంతు పెంచలేదు. ‘అయ్యో’ యని యనలేదు. మొదటి రెండింటిని చదివి నవ్విన పాఠకుడు ఆ నవ్వుతోనే మూడవదానిలో అడుగు పెట్టును. పెట్టిన పిమ్మట ఆ నవ్వును ఎక్కడ దాచుకొనవలెనో వానికి తెలియదు. కవి మనలను శిక్షించునది అక్కడ. ఒకే నగరమున, ఒకే సంధ్యలో, ఒకే కొలతలో ఈ మువ్వురును ఉన్నారు. ఒకరి నొకరు ఎరుగరు.

‘సమస్య’ యను మాటను కూడ గమనింపవలెను. మన సాహిత్యమున సమస్య యనగా అవధానికి పృచ్ఛకుడు ఇచ్చునది. అది చూచుటకు అసంబద్ధముగా నుండును. అవధాని దానిని చమత్కారముగా పూరించును. సభ చప్పట్లు కొట్టును. తిరుపతి వేంకటకవుల కాలమునుండి నేటివరకు తెలుగువానికి ఇంతకు మించిన వేడుక లేదు. శ్రీశ్రీ ఆ మాటనే తీసికొని, మూడు సమస్యల నిచ్చి, ఒక్కదానిని కూడ పూరింపక లేచిపోయెను. ఇది మరపుచేత జరిగినది కాదు. పూరింపరాని సమస్య యొకటి లోకములో నున్నదని చెప్పుటయే ఆయన తలంపు. మా తీర్పరులు మువ్వురును చేయబూనినది సమస్యాపూరణము. ఒకరు చావుతో పూరించిరి. ఒకరు దైవముతో పూరించిరి. ఒకరు శ్రావ్యమైన కంఠముతో పూరించిరి. వాని మూల మొక్కటే యని నే నన్నది ఇందుకే.

పిల్లలు తీసిన చిత్రమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మదరాసు సినిమాశాలలు వారికి తెలియవు. కావున విద్యార్థిని తిరుపతిలో ఒక అద్దెగదిలో కూర్చుండబెట్టిరి. వాడు సెల్‌ఫోనులో ఈ చిత్రమా, ఆ చిత్రమా యని వ్రేలితో త్రిప్పుచునే యుండును, ఏదియు చూడడు. ఉద్యోగిని బస్టాండు దగ్గర టిఫిను హోటలులో నిలబెట్టిరి. సంసారిని మాత్రము చిత్తూరు మార్గమున ఒక గుజ్జు ఫ్యాక్టరీ ముందు, తోతాపురి కాయల ట్రాక్టరుపై కూర్చుండబెట్టిరి.

ఈ సీమవారు కాని చదువరులకు ఇక్కడ కొంత వివరణము అవసరము. తోతాపురి కాయ ఇంటిలో కోసికొని తినుటకంటె గుజ్జు తీయుటకే ఎక్కువగా పోవును. ఫ్యాక్టరీ కొనకున్న రైతునకు వేరు దారి కఱవు. 2025 వేసవిలో కాయ విరివిగా కాచినది, ధర పడిపోయినది. కిలోకు ఫ్యాక్టరీవారు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు రైతునకు ముట్టునని ప్రభుత్వము ప్రకటించెను. ప్రకటన వచ్చినను ఫ్యాక్టరీల వాకిళ్లయందు ట్రాక్టరుల వరుసలు తరుగలేదు. కోసిన కాయ వరుసను లెక్కచేయదు. అది ట్రాక్టరులోనే పండును, మెత్తబడును, కారును. ముందుకు పోదమన్న వరుస కదలదు. వెనుకకు మరలుదమన్న బాడుగ మీదపడును. అటును ఇటును తోచని సంధ్యాసమస్యకు ఇంతకంటె తగిన స్థలము నాకు కనబడలేదు. దీనిని ఎన్నుకొన్నది నేను కాదు, పిల్లలు. వారు ఆ వరుసలలో పెరిగినవారు.

వారు మూడు ఖండికలకు మూడేసి నిమిషములు ఇచ్చిరి. సంసారికి ఒక్క క్షణ మెక్కువ ఇయ్యలేదు. వాని సెల్‌ఫోను రెండుమార్లు మ్రోగును. ఒకమారు అప్పిచ్చినవాడు, ఒకమారు ఇంటినుండి చిన్నది. ఆ పేర్లు తెరపై కనబడును. వాడు రెండుమార్లును ఎత్తడు. ప్రొద్దు క్రుంకును. చిత్రము ముగియును. వెనుక పాట లేదు, వీణ లేదు. ట్రాక్టరు ఇంజనుల చప్పుడును, ఈగల చప్పుడును మాత్రమే.

ఇక మొదటి హితవు. సంసారి చావకున్న రసము పండదట! ఈ వాదము చేయువారు శాస్త్రమును సాక్ష్యముగా పిలిచిరి గనుక నేనును శాస్త్రమునే పిలిచెదను. పదవ శతాబ్దమున ధనంజయుడు దశరూపకములో వధను, యుద్ధమును, మరికొన్నింటిని రంగముపై ప్రత్యక్షముగా చూపరాదనియు, సూచింపవలయుననియు చెప్పెను. నాయకుని చావును సూచనగానైనను చెప్పవలదనెను. భాసుడు ఊరుభంగమున దుర్యోధనుని రంగముపైననే కన్నుమూయించెనుగదా యని నన్నడుగవచ్చును. నిజమే. కాని దుర్యోధనుని చావు ఒక మహాయుద్ధపు ముగింపు. అతడు తన కర్మఫలమును తెలిసికొని, పగను విడిచి పోవును. ట్రాక్టరుపై కూర్చున్న రైతు ఏమి తెలిసికొని చావవలెను? కిలో కాయకు ఎనిమిది రూపాయలని తెలిసికొనియా?

శాస్త్రము నటుంచి నేటి వైద్యుల మాట వినుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చలనచిత్రములవారికిని నాటకములవారికిని ఒక మార్గదర్శక గ్రంథము ప్రకటించెను. ఆత్మహత్యను, దాని విధానమును తెరపై చూపవలదనియు, కష్టము ననుభవించి నిలిచినవారిని చూపుట మేలనియు అందలి సారము. వేయి సంవత్సరముల యెడము గల ఈ రెండు గ్రంథములు వేరువేరు కారణములచేత ఒకే చోటికి వచ్చినవి. ధనంజయుడు రసమును కాపాడదలచెను, వైద్యులు ప్రాణమును కాపాడదలచిరి.

దీనికి కారణము మాటకును బొమ్మకును గల భేదములో నున్నది. కవి ఒక సాధనమును పేర్కొన్నప్పుడు ఆ మాట పాఠకుని మనస్సులో మెఱసి, అర్థము నిచ్చి, మాయమగును. ఆ సాధనమునే తెరపై చూపుడు. అది మాయము కాదు. చూచినవాని కంటిలో వస్తువై నిలుచును. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు కావ్యమునకు ఆత్మ ధ్వని యని స్థాపించెను. చెప్పినదాని వెనుక చెప్పనిది మ్రోగవలెను. తెరపై త్రాడు వ్రేలాడుచుండగా దాని వెనుక మ్రోగుటకు మిగిలిన దేమున్నది? గేయమును ఉన్నదున్నట్లు తెరకెక్కించితి మనువారు ఈ చోట గేయమునకే ద్రోహము చేయుచున్నారు. కవి వానిని చంపలేదు. సంధ్యవేళ వాని ముందొక ప్రశ్న నుంచి విడిచెను. ఆ ప్రశ్నకు జవాబుగా శవమును చూపుట కవికంటె మనకు ఎక్కువ తెలియుననుట.

నేటి లఘుచిత్రముల పోటీలలో ఇది యొక వ్యాధియైనది. అయిదు నిమిషముల చిత్రములో నాలుగున్నర నిమిషములు ఎవనినో నడిపించి, కడపటి అరనిమిషమున చంపుట, ప్రేక్షకులు నిట్టూర్చుట, తీర్పరులు కన్నులు తుడుచుకొని బహుమాన మిచ్చుట. పదునైదేండ్ల బాలుడు దీనినుండి నేర్చుకొనునది ఏమి? బ్రతికియున్నవాని దుఃఖమునకు విలువ లేదు, చచ్చిన పిమ్మటనే దానికి బహుమానము వచ్చును అను పాఠమే కదా! ఇట్టి పాఠమును నేను ఏ తరగతిలోను చెప్పనియ్యను.

రెండవ హితవు మరింత మృదువైనది, కావున మరింత అపాయకరమైనది. ఏడుకొండల నీడలో తీసిన చిత్రమున ఇంత నిరాశ తగదట. ట్రాక్టరుపైనుండి వాడు తలయెత్తి చూడవలెనట. కొండమీది దీపము కనబడవలెనట. మరుక్షణమున ఫ్యాక్టరీ గేటు తెఱచుకొనవలెనట. దైవము వలదన్న ఒక దయగల అధికారియైనను జీపు దిగి రావలెనట.

నేను నాస్తికుడను కాను. ఏటేట అలిపిరినుండి నడచి కొండ యెక్కువాడను. ఆ మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లమీద నాతోపాటు నడచువారిని చూచుచున్నాను. పసుపు కుంకుమ పూయుచు ఒక్కొక్క మెట్టునకు వంగి లేచు ఆడవారి మనస్సులలో ఏమున్నది? కూతురి పెండ్లి, కొడుకు పరీక్ష, మగని అప్పు. వారు ఆ చింతను కొండ యెక్కించుదురు, దర్శనము చేసికొందురు, ఆ చింతలో సగమును తిరిగి దింపుకొని ఇంటికి పోవుదురు. మరల వత్తురు. ఇదియే వారి భక్తి. అర్జీ పెట్టినవానికి ఆ పూటనే ఉత్తరువు చేతికిచ్చు కచేరీగా వారు దేవుని ఎన్నడును ఎంచలేదు. తెరపై గేటు తెఱపించువారు వారి భక్తిని పెంచుటలేదు, చిన్నబుచ్చుచున్నారు. ఆ చిత్రమును చూచి ఇంటికి పోయిన రైతునకు మరునాడు గేటు తెఱువబడకున్న వాడేమనుకొనవలెను? దేవుడు తెరమీదివానిని కాచి తనను విడిచె ననుకొనవలెనా?

భరతుడు ముప్పది మూడు వ్యభిచారిభావములను లెక్కించి, అందులో చింత నొకటిగా చేర్చెను. వచ్చిపోవునది గనుక అది స్థాయి కాదు. శోకమునకో రతికో తోడుగా వచ్చి తొలగును. రాజులయు దివ్యులయు కథలకు ఆ లెక్క చాలును. నెలజీతగానికి, కౌలుదారునకు, పాలు పోసి వడ్డీ కట్టు ఇల్లాలికి చింత వచ్చిపోవునది కాదు. ప్రొద్దున లేచునప్పటికే మంచము ప్రక్కన కూర్చుండియుండును. చితకును చింతకును సున్న యొక్కటే భేదమనియు, చిత చచ్చినవానిని కాల్చును, చింత బ్రతికినవానిని కాల్చుననియు పెద్దలు చెప్పుదురు. ఆ కాల్పు ప్రతిదిన మున్నది గనుకనే దానికి కథలోవలె ముగింపు లేదు. దినదినపు చింతను కథగా మార్చినచో అది దినదినపు చింత కాక పోవును. చావుతో ముగించిన అది ఉపద్రవమగును. వరముతో ముగించిన మహిమయగును. రెండింటిలోను అసలు మనిషి తన ముఖమును చూచుకొనలేడు. నాది ఇంత గొప్ప కష్టము కాదులే యని యొకమారు, నాకింత అదృష్టము లేదులే యని యొకమారు తప్పుకొనును.

మూడవ హితవు గేయపఠనమును గూర్చినది. ఇది కొంత మర్యాదైన వాదము. 1981లో బాలచందర్ గారి ‘ఆకలి రాజ్యం’ వచ్చినప్పుడు, పని దొరకని యువకుని నోట శ్రీశ్రీ మాటలు విని తెలుగు యువకు లుప్పొంగిపోయిరి. ఆ చిత్రము నాకును ఇష్టమే. కాని యొక సంగతిని మా తీర్పరులు మరచిరి. ఆ కథనే 1980లో తమిళమున తీసినప్పుడు కథానాయకుని నోట వినబడినది సుబ్రహ్మణ్య భారతి కవిత్వము. తమిళము పొరుగున గల చిత్తూరువారికి ఈ సంగతి కొత్త కాదు. కథ యొకటే, నటుడు కమలహాసన్ ఒకడే, కవి మారెను. ఇందులో తప్పు లేదు. ఆ యువకుడు కవిత్వమును ప్రేమించువాడు, ఏ భాషవాడు ఆ భాషలోని కవిని తలచును. కాని దీనివలన తేలునది యేమి? అక్కడ కవిత్వము పాత్రకు ఆభరణమే కాని చిత్రమునకు శరీరము కాదు. ఒక కవిని తీసి మరియొక కవిని పెట్టినను నిలుచు చిత్రము ఆ కవితకు రూపాంతర మనిపించుకొనదు.

కవిని గూర్చి చిత్రము తీయుటయు కవితను చిత్రము తీయుట కాదు. ఆ విద్యలో మనవారు పండితులే. మన చిత్తూరు పేరునే ఇంటిపేరువలె ధరించిన నాగయ్యగారు 1946లో ‘త్యాగయ్య’ యందు త్యాగయ్యగాను, 1947లో ‘యోగి వేమన’ యందు వేమనగాను కనబడిరి. 1997లో ‘అన్నమయ్య’ వచ్చినది. కవి జీవితమున పెండ్లి, వైరాగ్యము, రాజు కోపము, దైవసాక్షాత్కారము ఉండును. వానిని చిత్రించుట తెలిసిన పనియే. ఒక చిన్న గేయములో కథ లేదు. ఒక చూపు మాత్రమే యున్నది. ఆ చూపును పట్టుకొనుటయే కష్టము.

ఇతర దేశములవారు దీనికై శ్రమించిరి. 1921లో స్ట్రాండ్, షీలర్ అను నిరువురు ‘మన్‌హట్టా’ యను లఘుచిత్రమున న్యూయార్కు నగరమును చూపుచు, నడుమ నడుమ విట్మన్ పంక్తులను అక్షరములుగా నిలిపిరి. 1936లో ఇంగ్లండు తపాలాశాఖ చిత్రవిభాగమువారు ‘నైట్ మెయిల్’ తీసిరి. ఉత్తరములను మోసికొని రాత్రివేళ స్కాట్లండునకు పోవు రైలు దాని కథ. అందుకై ఆడెన్ వ్రాసిన కవిత చిత్రమంతట వినబడదు. కడపటి భాగమున మాత్రము, చక్రముల లయతో కలిసి వచ్చును. అంతవరకు పనివాండ్రు ఉత్తరములను గూళ్లలో వేయుట, సంచులను కట్టుట చూచుచుందుము. మాట వచ్చుటకు ముందు చూపు సిద్ధపడినది గనుక ఆ మాట బరువుగా వచ్చును. మన హిందీలో మణి కౌల్ 1980లో ముక్తిబోధ్ రచనల నాధారము చేసికొని ‘సతహ్ సే ఉఠతా ఆద్మీ’ తీసెను. అది సులభముగా అర్థమగు చిత్రము కాదు, అయినను రచయిత కలవరమును కథగా చదును చేయలేదు. ఈ యుదాహరణములనుండి నేను గ్రహించిన దొక్కటి: కవితలోని మాటలను కాదు, కవితలోని కొలతను తెరపైకి తేవలెను. ‘సంధ్యాసమస్యలు’ కొలత మూడు సమభాగములు, ఒకే స్వరము, పూరణము లేకుండుట. పిల్లలు మూడేసి నిమిషములు కొలిచి యిచ్చినప్పుడు, ఆ గేయములోని ఒక్క మాటను పలుకకయే గేయమునంతటిని తెచ్చిరి.

ఇంతవరకు ఇతరులను తప్పుపట్టితిని. ఇక నా తప్పును చెప్పుకొనకున్న ఈ వ్యాసము కపటమగును. పోటీ ముగిసిన వారమునకు ఆ అయిదుగురిలో నొకడు, సంసారి వేషము కట్టినవాని చొక్కాను ఇంటినుండి తెచ్చినవాడు, బడి విడిచిన పిమ్మట నా దగ్గర నిలిచెను. ఆ చొక్కా వాని తండ్రిదట. నేను వానిని ఓదార్చబోయి, గేయమున ముగింపు లేదు, మనమును పెట్టలేదు, అదే మన గొప్ప యని చెప్పితిని. వాడు తల వంచుకొని యనిన మాటలను వాని యాసలోనే వ్రాయుచున్నాను.

“మా నాయన సచ్చిపోలేదు సార్. ఇంటికొచ్చినాడు. రాత్రి పదకొండు దాటినాక వచ్చినాడు. ఏమీ మాట్లాడలా. ఆవుకు నీళ్లు పెట్టినాడు. తెల్లారి మళ్లా వరసలోకి పోయినాడు.”

నేను నిరుత్తరుడ నైతిని. చావు వలదంటిని, వరము వలదంటిని; సంధ్యలో సంసారిని విడిచి తెర దించుట ఉత్తమ కళ యని గర్వించితిని. కాని తెర దించిన పిమ్మట వాడు ఎక్కడికి పోయె నని నేను అడుగలేదు. ఆ బాలుడు అడుగనక్కరలేదు. వాడు మేలుకొని యుండి తలుపు చప్పుడు విన్నవాడు. నేను కళలో ప్రశ్నను కాపాడుచుంటిని, వాడు ప్రశ్నతో ఇంటికి వచ్చిన మనిషిని ఎరిగియుండెను.

పిల్లలు చిత్రపు కొనను తిరిగి కూర్చిరి. ప్రొద్దు క్రుంకిన పిమ్మట తెర నల్లబడును. బొమ్మ లేదు. తలుపు గొళ్లెము తీసిన చప్పుడు. ఆవు మెడ గంట. తొట్టిలో నీళ్లు పోసిన చప్పుడు. అంతే. ఇది గేయములో లేదు గదా, నీ నియమమును నీవే మీఱితి వని తీర్పరులు న న్నడుగవచ్చును. మీఱలేదని నా ప్రత్యుత్తరము. అప్పు తీరలేదు. కాయ అమ్ముడుపోలేదు. వరుస కదలలేదు. సమస్య పూరింపబడలేదు. మఱేమి జరిగినది? సమస్యతోనే మనిషి ఇంటికి వచ్చెను. లక్షలకొలది ఇండ్లలో ప్రతి రాత్రి జరుగుచున్నదియు, ఏ చిత్రమును చూపనిదియు ఇదియే. మహిమ కానిది, మరణము కానిది, మామూలు ధైర్యము. వైద్యులు చూపుమన్న నిలకడకు ఇంతకంటె నిజమైన రూపము నాకు తెలియదు. దీనికి జీపును అక్కరలేదు, కొండమీది దీపమును అక్కరలేదు.

నన్నింకను ఖండింపదలచినవారు ఒక బలమైన మాట చెప్పగలరు. అందరు సంసారులును ఇంటికి రారు. రానివారి ఇండ్లు మన సీమలోనే యున్నవి. వారిని గూర్చి మౌనము వహించుట న్యాయమా? మౌనము వహింపవలెనని నేననను. వారిని గూర్చి పత్రికలు వ్రాయవలెను, సభలు అడుగవలెను, అప్పుల లెక్కలు, ధరల లెక్కలు బయటపెట్టవలెను. చిత్రములు తీయువారును తీయవచ్చును. కాని చావును కడపటి చమత్కారముగా వాడుకొనరాదు. చావు వెనుక మిగిలిన ఇల్లాలు ఏ కచేరీ వాకిట నిలిచెనో అక్కడ మొదలు పెట్టుడు. అది కష్టమైన చిత్రము, బహుమానము రాని చిత్రము. ఇట్టి చిత్రములను ప్రదర్శించువారు, నిరాశలో నున్న ప్రేక్షకునికై, 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ వారి 14416 సంఖ్యను తెరపై స్పష్టముగా చూపుదురు గాక. అది ప్రదర్శకుల ధర్మము. ఆ ధర్మమును చిత్రపు ముగింపుమీద మోపి, అబద్ధమాడించుట ధర్మము కాదు.

తోటి ఉపాధ్యాయులకు నా విన్నపము. మన తరగతులలో కవిత్వము కంఠస్థము చేయుటకును, ప్రతిపదార్థము వ్రాయుటకును మాత్రమే పనికివచ్చుచున్నది. పిల్లల చేతిలో నేడు కెమెరా యున్నది. దానిని లాగికొనుట మన కలవాటు. ఒక్కమారు దానిని వారి చేతిలోనే యుంచి, ఒక చిన్న గేయ మిచ్చి, ఇది మీ ఊరిలో ఎక్కడ జరుగుచున్నదో చూచి రండని పంపుడు. గేయమును వారు మన మూస తెలుగులో కాక తమ యాసలో చూతురు. తప్పులు చేయుదురు. కాని పదియేండ్లుగా నేను చెప్పుచు తెలిసికొనని గేయార్థమును వారు ఒక సాయంకాలమున తెలిసికొని రాగలరు, నాకు తెలియజెప్పగలరు.

పోటీలు పెట్టువారికి నా విన్నపము మరింత చిన్నది. ఈసారి తీర్పునకు కూర్చున్నప్పుడు, చిత్రము కొనలో సంసారి చచ్చెనా, బ్రతికెనా యని చూడకుడు. వాడు మీకు తెలిసినవాడుగా కనబడెనా యని చూడుడు. కనబడినయెడల మీ రేమియు చేయనక్కరలేదు. వానిని చంపకుడు, రక్షింపకుడు. దారి యిండు, వాడు ఇంటికి పోవలెను, ఆవుకు నీళ్లు పెట్టవలెను.